గర్భగుడిలో తవుడు

జ్యేష్ఠ శుద్ధ విదియ

ఈ పూట నుంచి నేను శుద్ధం. నిన్నటిదాకా మైల. పొద్దున్నే తలంటుకుని, గుమ్మానికి బిగించిన యంత్రపు ముక్కు ముందు నిలబడ్డాను. అది కూయలేదు కాబట్టి లోపలికి రానిచ్చారు. మూడు రోజుల పని బల్ల మీద పేరుకుపోయి ఉంది. నేను బయట ఉంటే నా బల్ల కూడా మైలేనట, అందుకని ముట్టుకున్న నాథుడు లేడు.

ప్రతి బల్లకీ దినచర్య రాయాలని పరిభాషా సంఘం ఆజ్ఞ. తిథులు వేసి, అచ్చమైన తెలుగులో. రాసింది ఎవరూ చదవరు. పోయినేడాది ఒక రోజు పద్దు కింద ఎండుచేపల పులుసు ఎలా వండాలో ఉప్పూకారాలతో సహా రాశాను. ముద్ర వేసి వెనక్కి పంపారు. కాబట్టి ఇకనుంచి నా ఇష్టం వచ్చినట్టు రాసుకుంటాను.

సముద్రం పట్నాన్ని మింగి, మిగిలినవాళ్ళం ఈ కొండెక్కాక, ఉప్పునీళ్ళు తాగి పెరిగిన ఆడవాళ్ళకి కడుపు నిలవడం మానేసింది. బిడ్డలు ఇప్పుడు కుండల్లో పెరుగుతారు. పురాణాల్లో కుండలో పుట్టినవాళ్ళు మహర్షులయ్యారు, మావాళ్ళు మామూలుగా ముక్కు కార్చుకుంటూ తిరుగుతున్నారు. కుండ లోపలి గోడకి మెత్తటి పొర ఉండాలి, లేకపోతే పిండం అతుక్కోదు. ఆడదాని గర్భంలో నెలనెలా పెరిగి రాలిపోతుందే, ఆ పొరే. దాతల దగ్గర చిటికెడు తీసుకుని, అందులోని కణాల్ని జాతివారీగా విడదీసి, శుభ్రం చేసి, పెంచి, మళ్ళీ కుండలో పూత పూయడం నా పని. నా బల్లని విడిబల్ల అంటారు.

కుండలు ఉండే హాలుకి మొదట పెంపక కేంద్రం అని పేరు. ఎవడో మహానుభావుడు, వినడానికి బాగుంటుందని గర్భగుడి అన్నాడు. అన్న మర్నాడు జనం చెప్పులు బయట విడిచారు. నెల తిరక్కుండా కొబ్బరికాయ కొట్టారు. ఏడాదికల్లా ముట్టైన ఆడది లోపలికి అడుగుపెట్టకూడదన్నారు. నెలనెలా రాలే పొరతో పూత పూసిన గుడిలోకి ఆ పొర రాలుస్తున్న మనిషి రాకూడదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ముక్కు సంగతి ఇంకా బాగుంటుంది. కుండల్లో నెత్తురు పారుదల తగ్గినా, ఎక్కడైనా కారినా వాసన బట్టి పట్టుకునే యంత్రం అది. దాన్ని లోపలి నుంచి పీకి తెచ్చి గుమ్మానికి బిగించారు, మాలాంటి వాళ్ళని పట్టుకోవడానికి. కుండలకి ఇప్పుడు ముక్కు లేదు. వారానికోసారి గాజులోంచి తొంగి చూసి, బానే ఉన్నట్టుందని రాసుకుంటారు.

జ్యేష్ఠ శుద్ధ సప్తమి

పని గురించి రాయమన్నారు కదా, రాస్తాను.

దాత దగ్గర నుంచి వచ్చిన ముక్క గులాబి రంగులో నెత్తుటి చారలతో ఉంటుంది. ఉప్పునీళ్ళలో జాడించి కత్తెరతో సన్నగా తరుగుతాను. ఎంజైము కలిపిన నీళ్ళలో వేసి వెచ్చపెట్టెలో ఊపుతూ ఉంచితే కణాల మధ్య జిగురు కరుగుతుంది. తొందరపడితే ముద్దముద్దగానే ఉంటుంది, ఏమరిస్తే కణాలు కూడా కరిగి చస్తాయి.

అప్పుడు జల్లెడ. జల్లెడ మీద నిలిచేవి గ్రంథులు, మెలికలు తిరిగిన చిన్న గొట్టాలు. మా బల్ల దగ్గర వాటిని బియ్యం అంటాం. కన్నాల్లోంచి జారేవి పొరకి గుజ్జునిచ్చే కణాలు, అవి నూకలు. పళ్ళెంలో పోసి కాసేపు వదిలేస్తే నూకలు అడుగున అతుక్కుంటాయి, పైన తేలేదాన్ని మెల్లిగా వంచుకోవచ్చు. ఆ వంచినదాంట్లో ఎర్రకణాల్ని పగలగొట్టి కడిగేస్తే మిగిలేది తవుడు. నా పేరు నూకరత్నం కాబట్టి ఈ వరసలన్నీ నేనే పెట్టానని కొందరు అనుకుంటారు. నిజమే, నేనే పెట్టాను.

తవుడులో ఒక జాతి కణాలుంటాయి. వాటిని మాత్రమే పట్టే కొక్కేలున్న ఇనప పూసలు కలిపి, గొట్టం పక్కన అయస్కాంతం పెడితే, పూసలు గోడకి అంటుకుంటాయి, మిగతాది పారబోయవచ్చు. పాత పుస్తకాల్లో ఈ కణాల పేరు నాచురల్ కిల్లర్. ఒంట్లో తిరిగే వీటి చుట్టాలు జబ్బుపడ్డ కణాల్ని చంపుతాయి, ఆ పేరు వీటికీ అంటింది. గర్భంలో ఉండేవి ఎవరినీ చంపవు. పిండం చుట్టూ ఉన్న సన్నటి నాళాల్ని వెడల్పు చేసి, బిడ్డ దగ్గరికి నెత్తురు కాలవలా పారేటట్టు చేస్తాయి. ఇంటిపేరు కసాయి, చేసే పని మంత్రసానిది.

మన పరిభాషా సంఘానికి కామేశం గారని ఒక అధ్యక్షులున్నారు. పాత పుస్తకాల్లోని మాటలన్నిటినీ తెలుగు చేయడం ఆయన ఉద్యోగం, గర్భగుడికి ఆజ్ఞలు జారీ చేయడం కూడా. నాచురల్ కిల్లర్‌ని ఆయన సహజ హంతకి అని తెలుగు చేశారు. చేసి, తాను రాసిన మాట తానే చదువుకుని హడలిపోయారు. గర్భగుడిలో హంతకులా అని. ఉగాది నాడు ఆజ్ఞ దిగింది. పొరలో హంతకి కణం ఒక్కటి కూడా ఉండకూడదు, నిలవ ఉన్నవన్నీ కాల్చేయాలి, దాతలు కూడా ముట్టు ఆగిన తొలి వారంలోనే రావాలి, ఎందుకంటే ఆ రోజుల్లో ఈ కణాలు బొత్తిగా ఉండవు. అద్దంలో తన్ను తాను చూసుకుని మొరిగే కుక్కని చూశాను గానీ, తాను పెట్టిన పేరుకి తానే భయపడే పండితుణ్ణి చూడటం అదే మొదలు.

కాల్చాను. చేతులారా నేనే కాల్చాను, కొలిమి ముందు కామేశం గారు శాంతి మంత్రం చదువుతుంటే.

జ్యేష్ఠ శుద్ధ చతుర్దశి

మూడు కుండలు ఎండిపోయాయి. మూడూ ఉగాది తరువాత పూత పూసినవే. పిండం అతుక్కుంది, గుండె కొట్టుకుంది, చేతులూ కాళ్ళూ వచ్చాయి, తరువాత పెరగడం ఆగిపోయింది. కుండ విప్పి చూశాను. పొర చూడముచ్చటగా ఉంది, కడిగిన ముత్యంలా. నాళాలు మాత్రం సూది బెజ్జమంత ఉన్నాయి. బిడ్డలు ఆకలితో పోయారు.

సంఘం వారు ఆ మూడు కుండల తల్లుల్నీ పిలిపించి, పూర్వజన్మ ఫలం అని చెప్పి తలో అరటిపండూ చేతిలో పెట్టారు.

మా వదిన బంగారమ్మ రోజూ పొద్దున్నే పనికి వెళ్ళేముందు గర్భగుడి మెట్ల దగ్గర ఆగుతుంది. పడవల మీద మునిగిన పట్నానికి వెళ్ళి ఇనుం లాక్కొచ్చే పని ఆమెది. మా అన్నయ్యదీ అదే పని. పోయిన కార్తీకంలో ఒక మేడలోకి దిగి పైకి రాలేదు. వాడు పోకముందు దాచిన పిండం ఒక్కటే ఉంది. రెండోది లేదు, ఇక ఉండదు. ఆ ఒక్కదాన్నీ ఉగాది వెళ్ళిన వారానికి కుండలో పెట్టారు. ఆడపిల్ల.

ఇవాళ వదిన ఎండిన కుండల సంగతి ఎక్కడో విని వచ్చింది. సూటిగా అడిగింది.

"ఏటే రత్నం, మా గుంట కుండకీ అదే పూతేటి?"

అవునన్నాను. అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆమె కాసేపు మెట్టు మీద కూర్చుని, కాళ్ళకంటిన ఉప్పు గోక్కుంటూ, మరి నువ్వున్నావు గదా అంది. అని పడవకి వెళ్ళిపోయింది. ఆ మాటకన్నా నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

జ్యేష్ఠ బహుళ విదియ

సంఘం ముందు హాజరయ్యాను. నాళాల బొమ్మలు పట్టుకెళ్ళాను. ఉగాదికి ముందు కుండల బొమ్మలు ఒక పక్క, తరువాతవి ఒక పక్క. చిన్నపిల్లకి చూపించినా తేడా చెబుతుంది. సంఘంలో చిన్నపిల్లలు లేకపోవడం మన దౌర్భాగ్యం.

కామేశం గారు బొమ్మల్ని చాలాసేపు చూసి, రంగులు బాగున్నాయన్నారు. తరువాత తన వాదన మొదలుపెట్టారు. హంతకి అనే పదంలోనే హననం ఉంది, ధాతువు హన్, కాబట్టి ఆ కణం హననం చేయక మానదు. నేను ఆ పేరు తప్పు అన్నాను. పేరు తప్పు అంటే ఆయన మొహం మాడిపోయింది. బిడ్డలు పోయారన్నప్పుడు మాడలేదు.

"సంఘం ఒకసారి ఇచ్చిన పదాన్ని వెనక్కి తీసుకోదమ్మా. పదం పోతే శాస్త్రమే పోతుంది."

ఇంకొకాయన, పేరు కూడా నాకు తెలియదు, ఇన్నాళ్ళూ ఆ హంతకుల్ని సాకిన పాపమే ఇప్పుడు కుండల్ని కొడుతోందేమో, పొరని ఇంకా శుద్ధి చేస్తే సరిపోతుందేమో అన్నాడు. అందరూ తలలూపారు. తీర్మానం అయిపోయింది. రేపటి నుంచి ప్రతి కుండకీ రోజూ శుద్ధి కషాయంతో కడుగుడు. ఒకవేళ ఎక్కడైనా నాలుగు కణాలు మిగిలి ఉంటే అవి కూడా కొట్టుకుపోయేలాగ. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనడం విన్నాం. వీళ్ళు ఆ దూడకి బారసాల ముహూర్తం కూడా పెడతారు.

జ్యేష్ఠ బహుళ నవమి

వదిన కుండలో పారుదల తగ్గింది. గాజులోంచి చూస్తే తెలియదు, నా దగ్గరున్న చిన్న మీటరుతో చూశాను. వారం కిందటికీ ఇప్పటికీ పిల్ల ఏమీ పెరగలేదు.

మా డైరెక్టరు ప్రభావతి గారి గదికి వెళ్ళాను. నాకు ఈ పని నేర్పింది ఆవిడే. ఆవిడ తలుపు మూసి, మెల్లిగా మాట్లాడారు.

"చూడు రత్నం, నువ్వు చెప్పేది నాకు తెలియనిది కాదు. నేను నోరు విప్పితే ఈ కుర్చీలో కామేశం గారి తోడల్లుడు కూర్చుంటాడు. అప్పుడు ఇంకా ఎన్ని కుండలు పోతాయో ఆలోచించు."

ఆలోచించాను. తెలియనివాడి మీద చిరాకు పడి ఊరుకోవచ్చు. తెలిసి నోరు మూసుకునేవాళ్ళని మాత్రం క్షమించలేను. ఆ మాట ఆవిడ మొహం మీదే అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, అంతే.

అసలు చిక్కు నోరు విప్పడం కాదు. తవుడు లేదు. నిలవ కాల్చేశాం. ఇప్పుడొచ్చే దాతల ముక్కల్లో వెతికినా దొరకదు. ఆ కణాలు పొరలో నిండుగా ఉండేది ముట్టుకి ముందు రోజుల్లో, ముట్టు నెత్తుటిలో. ముట్టుకి ముందు దాతలు రాకూడదని ఆజ్ఞ, ముట్టైనదాన్ని గర్భగుడి గేటు దాటి రానివ్వరు. లోపల ఉండగా ముట్టైనవాళ్ళని వెలుపలి గదికి పంపుతారు.

వెలుపలి గది అని రాశాక కలం ఆగింది. నాకు నాలుగైదు రోజుల్లో అక్కడికి పోయే వేళవుతుంది.

జ్యేష్ఠ బహుళ త్రయోదశి

ఈ పద్దు వెలుపలి గదిలో రాస్తున్నాను. రేకుల షెడ్డు, ఒక కుళాయి, ఒక చాప. ఈసారి మాత్రం షెడ్డు నిండా సామాను ఉంది.

నియమం ఏమిటంటే, ముట్టు మొదలైన వేళకి మన చేతిలో ఏముంటే అది మైలపడుతుంది, మనతోపాటే బయటికి రావాలి. పోయినసారి నా చేతిలో జల్లెడ ఉంటే జల్లెడే వచ్చింది. నడుం లాగుతున్నట్టు పొద్దున్నే తెలిసింది. వెంటనే బల్ల దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కటీ వరసగా ముట్టుకున్నాను. పూసల సీసా, అయస్కాంతం, గొట్టాలు, ఎంజైము, చిన్న వెచ్చపెట్టె, చివరికి మైక్రోస్కోపుని రెండు చేతులతో కావలించుకుని నిలబడి, నాకు ముట్టైందని అరిచాను. హాలంతా ఆగిపోయింది. కాపలావాళ్ళు ఒక తోపుడుబండి తోసిచ్చి దూరంగా నిలబడి, అన్నీ నువ్వే తీసుకుపో అన్నారు. అమూల్యమైన యంత్రాలు పోతున్నాయని ఒక్కడూ అనలేదు. మన భాషలో ముట్టుకోవడానికీ ముట్టుకీ ఒకటే మాట ఉండటం వల్ల నాకు కలిగిన మొదటి లాభం ఇది.

కప్పులో పట్టిన నెత్తురు ఉప్పునీళ్ళలో జాడించాను. రాలిన పొర ముక్కలు అందులోనే తేలుతున్నాయి. తరిగాను, ఊపాను, జల్లెడ పట్టాను. బియ్యం పక్కన పెట్టాను, నూకలు పక్కన పెట్టాను. తవుడు కడిగి కడిగి, క్రిములు చచ్చే మందులో జాడించి, పూసలు కలిపాను. అయస్కాంతం పక్కన గొట్టం గోడకి సన్నటి గోధుమరంగు గీత కట్టింది. పూసల నుంచి విడిపించి మైక్రోస్కోపు కింద చూశాను. గుండ్రంగా, లోపల గింజలు గింజలుగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. వేరే జాతి కణం కోసం వెతికాను. లేదు. ఇంతకన్నా శుద్ధమైనది ఈ కొండ మీద ఎవరూ ఎప్పుడూ చేయలేదు. రేకుల షెడ్డులో, మైల మనిషి చేసింది.

కణాలు మందు వాసన వదిలించుకుని కోలుకోవాలి. రెండు రోజులు వెచ్చపెట్టెలో ఉంచాలి. ఇవి ఆ పిల్లకి సరిపడతాయో లేదో నాకు తెలియదు. నేను దాని మేనత్తని, దాని తండ్రి నెత్తురూ నా నెత్తురూ ఒకటే, కాబట్టి ఇవి దాన్ని పరాయిదనుకోవని ఆశ. సరిపడకపోతే ఉన్న పారుదల కూడా ఆగిపోతుంది. అప్పుడు హంతకి అన్న మాట నాకు వర్తిస్తుంది.

సాయంత్రం వదిన షెడ్డు దగ్గరికి వచ్చింది. నేను చేయబోయేదీ, సరిపడకపోవచ్చన్నదీ రెండూ చెప్పాను, దాచలేదు. విని అడిగింది.

"నువ్వు సెయ్యకపోతే ఏటౌద్ది?"

పోతుందన్నాను.

"అయితే సెయ్. నాకున్నదదొక్కతే, తెలుసుగదా."

జ్యేష్ఠ అమావాస్య

మధ్యాహ్నం నైవేద్యం వేళ వెళ్ళాను. ఆ వేళకి అందరూ లోపలే ఉంటారు, విస్తరాకుల్లో పులిహోర పెట్టుకుని. దొంగలా వెళ్ళాలని నాకు లేదు.

గుమ్మం దాటగానే ముక్కు కూసింది. ఆ కూత కొండ కింద పడవలకి కూడా వినిపించి ఉంటుంది. అందరూ తలలెత్తారు. నేను కణాలు నింపిన సూది పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళాను. నా వైపు ఇద్దరు కాపలావాళ్ళు పరిగెత్తుకొచ్చి, రెండు బారల దూరంలో ఆగిపోయారు. నన్ను ముట్టుకుంటే వాళ్ళకి మైల. గర్భగుడిలో మైలపడితే వాళ్ళ ఉద్యోగాలుండవు. నేను ఒక అడుగు వేస్తే వాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. ఎదురుగా ఉన్నవాళ్ళు విస్తరాకులు ఎత్తిపట్టుకుని గోడలకి అతుక్కున్నారు. ఇంత మర్యాదగా నాకు ఎప్పుడూ ఎవరూ దారి ఇవ్వలేదు.

కామేశం గారు ఆపండి, ఆపండి అంటున్నారు. ఎవరిని ఉద్దేశించి అంటున్నారో ఎవరికీ తెలియలేదు. ఒక కాపలావాడు కర్ర చూపించి, కర్రతో తాకినా మైలేనా అని ఆయన్ని అడిగాడు. ఆయన ఆలోచనలో పడ్డారు. చెక్క కర్రకి ఒక విధి, లోహానికి ఒక విధి ఉన్నాయట. అది తేలేలోపల నేను వదిన కుండ దగ్గరికి చేరాను.

గాజు లోపల పిల్ల అరచేతిలో పట్టేంత ఉంది, నుదురు మా అన్నయ్యది. తప్పు చేస్తున్నానేమో, నా పొగరు వల్ల దీన్ని చంపుతున్నానేమో అని, ఇంతమంది మూర్ఖుల మధ్య నుంచి నడిచి వచ్చినప్పుడు వేయని భయం వేసింది. మందు పోసే మూత తీసి, సూది గుచ్చి, మెల్లిగా, చాలా మెల్లిగా వదిలాను.

తరువాత పెద్ద గొడవ. కుండని పారేయాలన్నారు. మైలపడ్డ కుండని గర్భగుడిలో ఉంచితే మిగతావాటికీ అంటుతుందని కామేశం గారి వాదన. వదిన కింద మెట్ల మీద కూర్చుని ఉంది, ఆ అరుపులన్నీ ఆమెకి వినిపిస్తున్నాయి. అప్పుడు ప్రభావతి గారు ముందుకొచ్చారు. మొహంలో ఏ భావమూ లేదు.

"మైలపడినదాన్ని మూడు రోజులు ముట్టుకోకూడదు కదండీ కామేశం గారూ. పారేయాలన్నా ఎవరో ఒకరు ముట్టుకోవాలి కదా. నాలుగో రోజు స్నానం చేయించి చూద్దాం."

శాస్త్రం కాదనలేక ఆయన ఒప్పుకున్నారు. కుండ చుట్టూ ముగ్గు గీసి, ఎవరూ దగ్గరికి పోకూడదన్నారు. ఆ మూడు రోజులూ శుద్ధి కషాయం కూడా పొయ్యకూడదు. నాకు కావలసింది సరిగ్గా అదే. ప్రభావతి గారి మీద నా అభిప్రాయం మార్చుకోలేదు, కాస్త పక్కకి జరిపాను.

ఆషాఢ శుద్ధ తదియ

కుండకి తలంటు పోశారు. నిజంగానే. పసుపు రాసి, కుంకుడు రసంతో గాజు తోమి, హారతిచ్చారు. ఒక కుండకి నాలుగో రోజు స్నానం చేయించిన జాతి ఈ భూమ్మీద ఇంకెక్కడా ఉండదు.

నన్ను లోపలికి రానివ్వలేదు. ప్రభావతి గారు మీటరు పెట్టి చూసి, బయటికి వచ్చి, చెప్పులు వేసుకుంటున్నట్టు వంగి, నాకు మాత్రమే వినబడేలా చెప్పారు. పారుదల పెరిగిందట. నాళాలు తెరుచుకుంటున్నాయట.

నేను వెలుపలి గదికి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. ఆ తరువాత మెట్ల దగ్గరికి పోయి వదినతో చెబితే ఆమె నా వీపు మీద గట్టిగా ఒకటి చరిచి, ఇదేదో ముందే సెప్పొచ్చు గదా అని పడవకి వెళ్ళిపోయింది.

శ్రావణ బహుళ పంచమి

కథ ఊరంతా పాకింది. కుండల్లో బిడ్డలున్న తల్లులూ వాళ్ళ ఆడబిడ్డలూ తమ తమ రోజుల్లో మూత బిగించిన కప్పులు పట్టుకుని వెలుపలి గది ముందు వరసలో నిలబడటం మొదలుపెట్టారు. గేటువాళ్ళు ఆపలేదు. ఎలా ఆపుతారు, ముట్టుకోకూడదు కదా.

కానీ కణాల్ని కుండల్లో వేయాలంటే ఆజ్ఞ మారాలి. సంఘం ఇచ్చిన పదం వెనక్కి తీసుకోదు. అందుకని పదాన్ని కదిలించకుండా, కొత్త జాతి కణాలు దొరికాయని ప్రభావతి గారు ఒక అర్జీ పెట్టారు. వీటి పేరు ధాత్రీ కణాలు, అంటే దాదులు, ఇవి బిడ్డకి నెత్తురు పాలు తాగిస్తాయి, గర్భగుడిలో ప్రవేశపెట్టడానికి అనుమతించగలరు. ఒక్క పూటలో ఆమోదం వచ్చింది, ధాత్రులు కొట్టుకుపోకుండా కషాయం కడుగుడు కూడా ఆపేశారు. ఇంత మధురమైన పదం గుర్తించి ఆమోదించినందుకు కామేశం గారికి శాలువా కప్పారు. హంతకులు ఒక్కరూ లేని గర్భగుడిలో ఇప్పుడు ధాత్రులు నిండుగా ఉన్నారు. ఆ తరువాత ఒక్క కుండా ఎండలేదు. ముందు పోయిన మూడింటి తల్లులకి ఈ కొత్త పదం ఎవరు వినిపిస్తారో నాకు తెలియదు. వాళ్ళలో ఒకామె రోజూ వచ్చి కప్పులు కడిగి పెడుతోంది. ఆమెని ఏమీ అడగలేదు.

నాకూ శాలువా లాంటిదే ఒకటి దొరికింది. మైలతో గర్భగుడిలో నడిచినందుకు బతికున్నంతకాలం ఆ గుమ్మం దాటకూడదని. విడిబల్ల వెలుపలి గదికి మార్చారు. షెడ్డులో వేడికి చెమటలు పోస్తున్నాయి గానీ, కామేశం గారు ఇక్కడికి రారు. అది చాలా పెద్ద సుఖం.

మార్గశిర బహుళ చతుర్దశి

నెలలు నిండకుండానే వచ్చేసింది, కాస్త చిన్నదిగా, గొంతు మాత్రం పెద్దది. కుండ తెరిచేటప్పుడు నేను లేను, ఉండకూడదు. ఏడుపు షెడ్డు దాకా వినిపించింది.

పుట్టిన పిల్లలకి పెట్టే శుద్ధ నామాల జాబితా సంఘం పంపించింది. వదిన దాన్ని మడిచి చేతికంటిన తుప్పు తుడుచుకుంది. మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. బిడ్డలు పోతున్న చోట పుట్టినదాన్ని మృత్యువు కంట పడకుండా చేటలో వేసి పెంట మీద పడుకోబెడతారు. ఇంకొకరు ఎత్తుకుంటారు. తల్లి చారెడు తవుడు ఇచ్చి కొనుక్కుంటుంది. అలా కొన్న బిడ్డకి తవుడు పేరే పెడతారు. పేరు పెట్టేది మేనత్త.

ఇవాళ పొద్దున్నే వదిన చేటలో పిల్లతో షెడ్డు వెనక్కి వచ్చింది. నేను గొట్టాలు కడిగిన నీళ్ళూ, పనికిరాని ముక్కలూ పారబోసే గుంత అక్కడే. గుంత పక్కన చేట దింపి, వెనక్కి జరిగి, ఎవరిదో పరాయిబిడ్డ అన్నట్టు అటు తిరిగి నిలబడింది. నేను ఎత్తుకోవాలి.

నేను కదల్లేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను. నిన్నటి నుంచి నేను మైల.

ఇంత రాసినదాన్ని, ఇంతమందిని ఎగతాళి చేసినదాన్ని, నిండు హాలులో ముక్కు కూస్తుంటే నడిచినదాన్ని. సూదితో కుండ ముట్టుకున్నాను గానీ, పిల్లని ముట్టుకోవాల్సి వచ్చేసరికి చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి. రెండు రోజులాగి ఎత్తుకుంటానని నోటితో అన్నాను కూడా. ఆ మాట కామేశం గారి నోట్లోంచి వచ్చినట్టు వినిపించి నాకే సిగ్గేసింది.

వదిన వెనక్కి తిరిగి చూసింది. నా చేతులు చూసింది.

"ఏటే, దాని పానం నిలబెట్టింది నీ ముట్టే గదా. ముట్టుకోవే."

ముట్టుకున్నాను. ఎత్తుకున్నాను. పిల్ల వెచ్చగా ఉంది. వదిన చారెడు తవుడు నా పైటలో పోసి, కొనుక్కుంటున్నానే అని పిల్లని లాక్కుంది. చెవి దగ్గర నోరు పెట్టి తవిటమ్మా అని పిలిచాను. ఏడుపు మొదలుపెట్టింది. నా పైట నిండా తవుడే.